దిక్కు ముద్ద

ఆ ఎండాకాలం మా అమ్మ అంబలి మీద బతికింది. ఇంట్లో జొన్నలు లేక కాదు, ఒంట్లో బాగాలేకా కాదు. మొదటి ముద్ద ఏ వైపు పెట్టాలో తెలియక.

మా ఇంటి పద్ధతి చెప్పకపోతే ఇది పిచ్చిమాటలా ఉంటుంది. మాది తర్లుపాడు దగ్గర చిన్న ఊరు. గొర్రెలూ మేకలూ, మా మాటలో జీవాలు, అవే మా బతుకు. ఎండలు ముదిరి మేత కరువై మగవాళ్లు మందను తోలుకుని వలస పోతే, ఇంట్లో ఆడమనిషి కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద తీసి, మంద పోయిన దిక్కున కంచం అంచుకు పెడుతుంది. ఆ తర్వాతే తాను తింటుంది. తిన్నాక ఆ ముద్ద కాకికో కుక్కకో. మా నాయనమ్మ అట్లా పెట్టేదట, ఆమె దగ్గర అమ్మ నేర్చుకుంది. గోడ అవతలే ఉండే మా పెద్దమ్మ నాగరత్నమ్మ మాత్రం పెట్టదు. “మీ పెదనాయన యాడికి పోయినా తేలేది బ్రాందీ షాపు కాడనే గదా. రోజూ ఆ మూలనే పెట్టలేక మానేసినా” అంటుంది.

నాయనతో ఏ కష్టమూ లేదు. సాయంత్రం ఫోను చేసి “గిద్దలూరు దాటినాం, అడవి అంచున ఉండాం” అంటాడు. అమ్మ మరునాడు ముద్ద నైరుతి మూలకు పెడుతుంది. అమ్మ పేరు అంకాలమ్మ, పేరుకు తగ్గట్టే పట్టినపట్టు విడవని మనిషి. కష్టమంతా నా తమ్ముడు మహేంద్రతో వచ్చింది. వాడు జీవాలు కాయనన్నాడు, సరుకు ఓడలో పనికి కుదిరాడు. ఆ వేసవిలో వాడి ఓడ చైనాలో సరుకు దించి, రాగి ఖనిజం ఎక్కించుకోవడానికి ఖాళీగా పసిఫిక్ సముద్రం మీదుగా చిలీ దేశానికి బయలుదేరింది. అంత దూరం పోయే ఓడలో ఇంటర్నెట్ చెడిపోయింది. వాడి గొంతు వినే దారి లేదు. చెన్నైలో వాళ్ల కంపెనీ ఆఫీసులో ఒకామెను నేను బతిమాలితే, రోజూ ఓడ ఉన్న చోటును వాట్సాప్‌లో పంపేది. అక్షాంశం ఒకటి, రేఖాంశం ఒకటి, అంతే.

నాకు ఆ రెండు అంకెలు చాలు అనుకున్నాను. మార్కాపురంలో గిరిధర్ సార్ సర్వే ఆఫీసులో నా ఉద్యోగం. డ్రోను తీసిన ఫొటోల మీద పొలం గట్లు గీస్తాను. మా ఆఫీసులో భూమి బల్లపరుపుగానే ఉంటుంది. రెండెకరాల కంది చేనుకు హద్దు గీసేటప్పుడు భూమి గుండ్రమని గుర్తుచేసుకోవాల్సిన పని ఎవరికీ పడదు. అందుకే నేను కూడా ప్రపంచ పటం ఒకటి బల్లపరుపుగా పరిచి, రోజుకో చుక్క పెట్టి, చుక్కలు కలిపి గీత గీసి, లాప్‌టాప్ ఇంటికి తెచ్చి అమ్మకు చూపించేదాన్ని.

“ఇది మనం. ఇది వాడు. తూర్పు.”

అమ్మ తూర్పున ముద్ద పెట్టేది. సంగటి తినేది. రెండు వారాలు ఇట్లా సాఫీగానే నడిచింది.

ఒక రోజు పొద్దున గీసిన గీత అడ్డం తిరిగింది. ఓడ పటానికి కుడి అంచు దాకా పోయింది, మరునాటి చుక్క ఎడమ అంచున పడింది. సాఫ్ట్‌వేర్‌కు ఏం తెలుసు? రెండు చుక్కలూ కలపమన్నాను, కలిపింది. గీత కుడి నుంచి ఎడమకు పటమంతా అడ్డంగా చీల్చుకుంటూ వచ్చింది. అదీ సరిగ్గా మన దేశం మీదుగా, చూడబోతే మా ఊరి నెత్తి మీదుగా.

నేను లాప్‌టాప్ మూసేలోపే అమ్మ చూసింది.

“ఇదేంది పాపా? మన ఊరి మీదుగా పోయినాడా వాడు?”

“లేదమ్మా, అది గీత తప్పు.”

“ఇంటి ముందరగా పోయి, ఇంట్లోకి రాకుండానే పోయినాడా?”

“ఓడ భూమ్మీద ఎట్ల పోతుందమ్మా!”

“మరి తూర్పుకు పోయినోడు పడమర ఎట్ల తేలినాడు? వెనక్కి మళ్లినాడా?”

“మళ్లలేదు. తూర్పుకే పోతాండాడు.”

“తూర్పుకు పోతాండాడు, పడమర ఉండాడు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు, ముద్ద యాడ పెట్టేది?”

ఓడ పడమర ఉందో తూర్పున ఉందో నిజంగా నాకు తెలియదు. ఆ సంగతి అమ్మకు నా మొహంలో కనిపించింది. కంచం పక్కకు జరిపి, కుండలో అంబలి లోటాలో వంచుకుని తాగింది. అంబలి ముద్ద కాదు కనుక దిక్కు అడగదు.

మొదటి రెండు రోజులూ నవ్వుకున్నాను. వారం తిరిగేసరికి నవ్వు పోయింది. పొద్దున అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి మళ్లీ అంబలి. ఆ అంబలితోనే ఎండలో ఇంటి దగ్గర మిగిలిన పిల్లజీవాలకు తుమ్మకాయలు ఏరుకొచ్చేది, ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తేది. ఆ ట్యాంకరు దగ్గరే ఒక రోజు కళ్లు తిరిగి కూలబడింది. పెద్దమ్మ మొహాన నీళ్లు చల్లుతూ తిట్టింది.

“కొడుకు సముద్రంలో బాగనే ఉంటాడు లేవే. నువ్వు ఈడ కరువొచ్చినదాని మాదిరి తయారైనావు. ఏదో ఒక పక్కన పెట్టి తిని చావరాదా?”

“ఏదో ఒక పక్కన పెట్టినందుకే గదక్కా ఆ ఏడు అట్ల అయింది” అంది అమ్మ.

ఆ ఏడు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పుడు ఫోన్లు లేవు. మంద దోర్నాల వైపు పోయిందని అమ్మ రోజూ అటే ముద్ద పెట్టింది. మధ్యలో మంద కంభం వైపు మళ్లిన కబురు ఇంటికి చేరలేదు. ఆ వారంలోనే పిడుగు పడి సగం జీవాలు చచ్చాయి, నాయనకు ఒక చెవి వినికిడి పోయింది. పిడుగుకూ ముద్దకూ సంబంధం లేదని నాయన వెయ్యిసార్లు చెప్పాడు. అమ్మ తల ఊపేది, నమ్మేది కాదు. నాకు అమ్మ మీద కోపం, జాలి ఒకేసారి వచ్చాయి. నాకు దిక్కు తెలిస్తే ఆమె తింటుంది. తెలియకపోతే తినదు. అంత చిన్న విషయం. భూమ్మీద పొలాలన్నీ కొలిచేదాన్ని, సొంత తమ్ముడు ఏ వైపు ఉన్నాడో చెప్పలేకపోతున్నాను.

సమాధానం మొదట దొరికింది పెద్దమ్మ పెరట్లో. ఊళ్లో అమ్మవారి కొలుపుకు కోసిన పొట్టేలు తోలు, ఉప్పు చల్లి, నీడన పరిచి ఉంది. నాలుగు కాళ్ల తోలూ నాలుగు మూలలకు సాగి ఉంది. దాని మీద నుంచి దాటి పోతూ ఆగిపోయాను.

“అమ్మా, ఇట్రా ఒకసారి!”

అమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

“ఈ తోలుకు ఈ కొస యాడిది?”

“పొట్టది.”

“ఆ పక్క కొస?”

“అదీ పొట్టదే. నడిమికి కోసి పరిస్తే రెండు పక్కలకు పోతాది. నీకు తెలీదా ఏంది?”

“జీవం బతికున్నప్పుడు ఈ రెండూ యాడుంటాయి?”

“ఒకదాని పక్కన ఒకటి. కోయకముందు రెండనేదే లేదు గదా.”

“నా పటం కూడా అంతేనమ్మా. భూమి తోలును నడిసముద్రంలో కోసి పరిచినారు. వాడు ఆ కోత మీదుగా దాటినాడు. అందుకే ఈ కొసన పోయి ఆ కొసన తేలినాడు.”

అమ్మ తోలును చాలాసేపు చూసింది. పెద్దమ్మ “అయితే కుట్టు వేయి మరి” అంది నవ్వుతూ. అమ్మ నవ్వలేదు.

“కోయని పటం లేదా?” అని అడిగింది.

ఉంది. కానీ నేనెప్పుడూ చేయలేదు. మరునాడు గిరిధర్ సార్‌ను భయపడుతూనే అడిగాను. ఆయన మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ఆ రాతిపొడి పడక కంప్యూటర్లలోకి వచ్చినాయన. సొంత పనికి ఆఫీసు సిస్టం వాడతానంటే గుర్రుమంటాడనుకున్నాను. కారణం విని కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

“అయితే పొలాల ప్రొజెక్షన్ పనికిరాదమ్మా. గుండ్రటి వస్తువును బల్లపరుపు చేయడానికి ఎన్నో పద్ధతులుంటాయి. ఒక్కో దానిలో ఒక్కో అబద్ధం. ఒకటి వైశాల్యం చెడగొడుతుంది, ఇంకొకటి దూరం చెడగొడుతుంది. మీ అమ్మకు ఏది నిజం కావాల?”

“దిక్కు సార్. మా ఇంటి నుంచి దిక్కు.”

“అట్లయితే మీ ఊరిని నట్టనడుమ పెట్టి గోళం గీయి. దూరం నుంచి బంతిని చూసినట్టు కనపడతాది. నడుమ ఉన్న చోటు నుంచి ఏ వైపు గీత గీసినా ఆ దిక్కు నిజం దిక్కే. మిగతా అబద్ధాలన్నీ అంచులకు పోతాయి.”

ప్రపంచం నడుమ మా ఊరు. బస్సు కూడా నిలబడని ఊరు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ దాచుకోలేను.

ఆఫీసు పని అయ్యాక రోజూ కూర్చునేదాన్ని. బ్రౌజరులో గోళం తిరిగేలా, వేలితో లాగితే కదిలేలా కోడ్ రాయడం వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొదటిసారి నడిపినప్పుడు తెర మీద నట్టనడుమ మా ఊరి చుక్క వెలిగింది. దాని చుట్టూ అంతా తెల్లటి మంచు. కళ్లు నులుముకున్నాను. సార్ వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అక్షాంశం రాయాల్సిన చోట రేఖాంశం రాసినావు. ఊరిని తీసుకుపోయి ఉత్తర ధ్రువం పక్కన కూర్చోబెట్టినావు.”

“ఈ ఎండలకు అక్కడే నయం సార్.”

అంకెలు తిరగేస్తే ఊరు నల్లమల పక్కకు తిరిగొచ్చింది. ఓడ చుక్కలు వేశాను. మొన్న దేశాన్ని చీల్చిన గీత ఇప్పుడు ఎక్కడా తెగకుండా తూర్పు అంచు దాకా సాగి, అంచు వెనక్కి వంగి పోయింది. చిక్కల్లా అక్కడే. గోళం సగమే కనిపిస్తుంది, తమ్ముడేమో వెనక సగంలో ఉన్నాడు. వెనక్కి తిప్పితే మా ఊరు కనిపించదు. అందుకని తెర మూలన ఒక కంచం బొమ్మ గీశాను. గోళాన్ని ఎటు తిప్పినా కంచం మాత్రం కదలదు. దాని అంచున ఎర్రచుక్క ఒకటి. ఇంటి నుంచి ఓడ ఏ దిక్కున ఉంటే చుక్క ఆ వైపుకు జరుగుతుంది. ఆఫీసులో ఎన్ని గట్లు గీసినా రాని తృప్తి ఆ చుక్క జరిగినప్పుడు వచ్చింది.

ఇంటికి తెచ్చి ఫోనులో తెరిచాను. అమ్మ వేలితో లాగింది. గోళం కదల్లేదు. తాడు లాగి, కొడవలి పట్టి కాయలు కాసిన వేలు, ఫోనుకు అది వేలనిపించలేదు. అమ్మ వేలు నాలుకకు తడి చేసుకుని మళ్లీ లాగింది. భూమి గిర్రున తిరిగింది.

“అయ్యో, మన ఊరు యాడికి పాయె?”

“వెనకది ముందటికి వచ్చింది, మనది వెనక్కి పోయింది. మళ్లీ లాగు.”

లాగింది. ఊరొచ్చింది. పోగొట్టింది, తెచ్చింది. పసిపిల్లలా అదే పనిగా ఆడింది. తర్వాత కంచం బొమ్మ చూసింది.

“ఈ చుక్క?”

“వాని దిక్కు. ఇంకా తూర్పే, రవ్వంత ఈశాన్యం పక్కకు. పటం మీద పడమర తేలినా, వాడు తూర్పు వదల్లేదు.”

అమ్మ లేచి కంచం తెచ్చుకుంది. సంగటి పెట్టుకుని, తూర్పున ఒక ముద్ద, నైరుతిలో నాయనకొక ముద్ద పెట్టి, మూడో ముద్ద నోట్లో పెట్టుకుంది. పచ్చిమిరపకాయ కొరికిన చప్పుడు వినపడగానే నాకు ఏడుపొచ్చింది. బయటకు పోయి పిల్లజీవాలకు నీళ్లు పెట్టాను.

ఇక రోజూ అదే పని. నేను అంకెలు వేయడం, అమ్మ వేలు తడి చేసుకోవడం. దిక్కు చూసుకుని ఊరుకునేది కాదు. “ఈ పచ్చగా ఉండేది యాడ? ఈడ జీవాలుంటాయా? ఇంత నీళ్లలో ఒక్క ఊరైనా లేదా?” నాకు తెలిస్తే చెప్పేదాన్ని, తెలియకపోతే చూసి చెప్పేదాన్ని. సాయంత్రం నాయన ఫోను చేస్తే “నువ్వు ఇంకా గిద్దలూరు కాడనే ఉండావా?” అని ఎగతాళి చేసేది.

ఓడ పోయే దారి ముందుగా వేసి చూసుకుంటుంటే నాకు ఒక వింత కనిపించింది. ఇంకో నాలుగైదు రోజులకు ఎర్రచుక్క మతి తప్పినట్టు తిరగబోతోంది. తూర్పు నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి పడమరకు, ఒకటి రెండు రోజుల్లోనే. కోడ్ తప్పనుకుని ఎన్నిసార్లు సరిచూశానో. తప్పు లేదు. సార్‌ను అడిగితే ఆయన బల్ల మీది గుండ్రటి పేపర్‌వెయిట్ తీసి, పైన ఒక వేలు, సరిగ్గా కింద ఒక వేలు పెట్టాడు.

“పై వేలి నుంచి కింది వేలికి ఏ పక్కగా పోతే దగ్గర?”

“ఏ పక్కైనా ఒకటే.”

“మీ తమ్ముడు మీ ఊరి కింది వేలి దగ్గరకు పోతున్నాడు.”

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ భయపడ్డాను. ఏదో ఒక వైపు అని చెప్తేనే తినే మనిషి. ఏ వైపైనా ఒకటే అంటే మళ్లీ అంబలి కుండ దగ్గరకు పోతుంది. ఉత్తరమని అబద్ధం చెబుదామా అనుకున్నాను. అది పూర్తి అబద్ధమూ కాదు, ఓడ ఆ చోటుకు రవ్వంత ఉత్తరం పక్కగా పోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దమ్మ కూడా ఉంది. అమ్మ కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని “ఊఁ, చెప్పు” అంది. నేను గోళాన్ని పూర్తిగా వెనక్కి తిప్పాను. అంతా నీలం. ఒక దీవి కూడా లేదు. నడుమ ఓడ చుక్క.

“అమ్మా, ఈ రోజు వాడు సరిగ్గా మన కింద ఉండాడు.”

“కింద అంటే?”

“మన ఇంటి నడుమ బోరు వేసి, భూమి అవతల తేలేదాకా దింపితే, వాని ఓడ పక్కన తేలుతాం.”

“వెయ్యి అడుగులు వేసినా చుక్క రాలేదు మా బోరులో” అంది పెద్దమ్మ. “ఇంకొంచెం దింపుంటే సముద్రమే తగిలేదన్నమాట! ఆపమన్నది మీ పెదనాయనే.”

అమ్మకు ఆ మాటలు పట్టలేదు. “అయితే దిక్కు?” అంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆగింది.

“ఏ దిక్కైనా వాని దిక్కేనమ్మా. తూర్పుకు పోయినా వాని దగ్గరికే, పడమరకు పోయినా వాని దగ్గరికే. అంతా ఒకటే దూరం.”

“ఎటు పెట్టినా తప్పు లేదా?”

“లేదు.”

“ఏ పక్కా తప్పు లేదా?”

“ఏ పక్కా లేదమ్మా.”

అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని కంచం అంచు చుట్టూ ఒకసారి చూసింది. దోర్నాల వైపు చూసింది, కంభం వైపు చూసింది. నాకట్లా అనిపించింది, నిజానికి ఆ రెండు దిక్కులా ఉన్నవి పొయ్యీ, గోడా. తర్వాత నాయన ముద్ద ఎప్పటిలా నైరుతిన పెట్టి, తమ్ముడి ముద్దను కంచం నట్టనడుమ పెట్టింది. దాని చుట్టూ ఉన్న సంగటి తింటూ పోయింది. తొందరపడలేదు, భయపడలేదు. పెద్దమ్మ ఊరగాయ వేస్తే వద్దనలేదు. చివరికి నడుమ ముద్ద ఒక్కటే మిగిలింది. కాకి గోడ మీదకు వచ్చి కూర్చుంది. అమ్మ దాన్ని చూసి, “నీకు నాయన ముద్ద ఉంది పో” అని, ఆ ముద్ద తానే తిని చెయ్యి కడుక్కుంది.

వారం తర్వాత ఓడ చిలీ రేవు చేరింది. అప్పటికి ఎర్రచుక్క పడమర దాటి నైరుతి పక్కకు జరిగింది. గిద్దలూరు అడవిలో ఉన్న నాయన ముద్దా, చిలీలో ఉన్న తమ్ముడి ముద్దా కంచంలో పక్కపక్కకు చేరాయి. ఆ సాయంత్రం మహేంద్ర ఫోను చేశాడు. అమ్మ స్పీకరు పెట్టమంది.

“అమ్మా, తింటాండావా లేదా? చిక్కిపోయినావని నాయన అన్నాడు.”

“తింటాండా. ఒకరోజు నీ ముద్ద గూడా నేనే తిన్నా.”

“నా ముద్ద ఏంది? అక్కా, ఏందే అమ్మ అంటాంది?”

“నువ్వు వచ్చినాక తిప్పి చూపిస్తాలే” అన్నాను.

అమ్మ ఫోను తన వైపు లాక్కుంది.

“ఒరే నాయనా, మళ్లీ తిరిగొచ్చేటప్పుడు కూడా మన ఇంటి కిందుగానే రమ్మని మీ కెప్టెనుకు చెప్పు. ఆ ఒక్కరోజు నేను ఎటూ చూడకుండా తింటా.”